గెల పెదవేగిది, ధర కౌలాలంపూర్‌ది

2024-25లో మన దేశం సరుకులు అమ్మి సంపాదించింది 437 బిలియన్ డాలర్లు. కొన్న సరుకులకు కట్టింది 720 బిలియన్ డాలర్లు. తేడా దాదాపు 283 బిలియన్ డాలర్లు. వాణిజ్య లోటు మాట ఎత్తితే చాలు, చర్చంతా ముడిచమురు, బంగారం, చైనా ఎలక్ట్రానిక్స్ చుట్టూనే తిరుగుతుంది. అవి పెద్ద పద్దులే, కాదనలేం. అయితే మన నేల కింద లేని ముడిచమురును మనం పుట్టించలేం. బంగారం మోజును ఏ ప్రభుత్వమూ తగ్గించలేకపోయింది. చిప్‌ల కర్మాగారాలు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. వంటనూనె సంగతి వేరు. ఏటా సుమారు 160 లక్షల టన్నుల నూనె ఓడల్లో దిగుతోంది. దానికి మనం కడుతున్నది అటూ ఇటూగా లక్షన్నర కోట్ల రూపాయలు. దేశం వాడే వంటనూనెలో సగానికి మించి బయటిదే. అందులో దాదాపు సగం పామాయిల్. ఆ పామాయిల్‌ను పండించే నేల, గెలను పిండే ఫ్యాక్టరీ, పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ మూడూ ఏలూరు పక్కనే ఉన్నాయి. ఇంత దగ్గర ఉన్న అవకాశాన్నే నిలబెట్టుకోలేకపోతే, మిగతా పద్దుల మీద చేసే ప్రతిజ్ఞలను ఎవరు నమ్ముతారు?

పెదవేగి ఒకనాటి వేంగి, శాలంకాయనుల రాజధాని. 1995లో అక్కడ ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. ఇప్పుడది భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. అదే ఊళ్లో సహకార రంగంలోని ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉంది. దేశంలో ఆయిల్‌పామ్ గెలలు అత్యధికంగా పండిస్తున్నది ఆంధ్రప్రదేశ్. అందులోనూ ద్వారకా తిరుమల, కామవరపుకోట, లింగపాలెం, చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతానిది పెద్ద వాటా. పొగాకు, చెరకు నమ్ముకున్న రైతులు మూడు దశాబ్దాల కిందట ప్రభుత్వం మాట మీద ఈ కొత్త పంటకు మళ్లారు. వాళ్లకు అప్పట్లో చెప్పిన మాట ఒక్కటే: దేశానికి నూనె కావాలి, మీరు పండించండి, ధర సంగతి మేం చూసుకుంటాం.

ఆ మాటకు ఏమైందో తెలియాలంటే గెలను కాస్త దగ్గరగా చూడాలి. తోటలో మొక్కకూ మొక్కకూ 9 మీటర్ల ఎడం. ఎకరాకు 57 మొక్కలు. ఏడాదిపాటు నర్సరీలో పెరిగిన మొక్కను నాటితే నాలుగో ఏట గాని చెప్పుకోదగ్గ కాపు రాదు. ఆ తర్వాత పాతికేళ్లు పది పదిహేను రోజులకోసారి కోతే. పొడవాటి గడకు కట్టిన కత్తితో మట్ట తెంచి, గెల దించి, చుట్టూ రాలిన ఎర్రటి పండ్లు ఏరి గోనెల్లో పోసి, ట్రాక్టర్‌కెత్తి కాటాకు తోలాలి. ఇదంతా పరుగుమీద జరగాలి. కోసిన 24 గంటల్లో గెల ఫ్యాక్టరీ ఆవిరిలో ఉడకకపోతే పండులో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. ధాన్యంలా గాదెలో పోసి, మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకునే వీలు ఈ పంటకు లేదు. ఆ రోజు ఫ్యాక్టరీ ఎంత ఇస్తే అంతే. పొలానికీ పరిశ్రమకూ ఇంత విడదీయరాని ముడి ఉన్న పంట మరొకటి అరుదు. ఇక్కడ రైతును నిలబెడితే దేశీయ తయారీని నిలబెట్టినట్టే, రైతును వదిలేస్తే ఫ్యాక్టరీని కూడా వదిలేసినట్టే.

ఈ గెల ధర ముడి పామాయిల్ ధరను బట్టి నిర్ణయమవుతుంది. ముడి పామాయిల్ ధరను మలేసియా, ఇండోనేసియా మార్కెట్లు తేలుస్తాయి. ఆ ధరకూ మన రైతుకూ మధ్య ఉన్న ఒకే ఒక్క గోడ దిగుమతి సుంకం. ఆ గోడను ఢిల్లీ ఎన్నిసార్లు లేపి కూల్చిందో చూడండి. 2018 మార్చిలో ముడి పామాయిల్‌పై సుంకం 44 శాతం. 2022 ఫిబ్రవరికి సెస్సులతో కలిపి 5.5 శాతం. 2024 సెప్టెంబరులో ఒక్కసారిగా 27.5 శాతం. తొమ్మిది నెలలు తిరగకుండానే, 2025 మే చివర్లో మళ్లీ 16.5 శాతం. 44 శాతం సుంకాన్ని చూసి 2018లో మొక్క నాటిన రైతు, కాపు చేతికొచ్చిన 2022లో 5.5 శాతం సుంకం కింద గెల అమ్ముకున్నాడు. పాతికేళ్ల చెట్టుకు తొమ్మిది నెలల విధానం!

2022 అనుభవాన్ని మెట్ట రైతులు ఇంకా మరవలేదు. ఆ ఏప్రిల్‌లో ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు నిషేధించింది. ఇక్కడ టన్ను గెలల ధర రూ.20 వేలు దాటింది. ఆ ధర చూసి ఎంతోమంది కొత్తగా తోటలు వేశారు. మే నెలాఖరు రాకముందే నిషేధం ఎత్తేశారు. ఆ ఏడాది ముగిసేసరికి గెల ధర రూ.13 వేల దరిదాపుల్లోకి జారింది. నూనె ధర మండుతున్నప్పుడు వినియోగదారు కోసం సుంకం తగ్గించడంలో తప్పులేదు. ధర కూలాక కూడా రెండేళ్లకు పైగా సుంకాన్ని అలాగే ఉంచడమే తప్పు. రైతు నష్టపోయిన ఆ కాలంలోనే దిగుమతులు రికార్డు స్థాయికి చేరాయి.

ఇది కొత్త పొరపాటేమీ కాదు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. 1990ల ఆరంభానికి వంటనూనెలో దేశం దాదాపు స్వయం సమృద్ధి సాధించింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచి 65 శాతం సుంకం పెట్టారు. నాలుగైదేళ్లలో దాన్ని 15 శాతానికి దించేశారు. వేరుశనగ, నువ్వు, కుసుమ వేసే రైతుల వెన్ను అప్పుడు విరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలే ఇందుకు కారణమని అనేవాళ్లుంటారు. పామాయిల్‌పై ఆ సంస్థ వద్ద మనం ఒప్పుకొన్న గరిష్ఠ సుంకం 300 శాతం. ఆసియాన్ ఒప్పందం కింద తగ్గించుకున్నాక కూడా ముడి పామాయిల్‌పై 37.5 శాతం వరకు వేసుకునే వీలుంది. చట్టం అడ్డు రాలేదు. పట్టణ ఓటరు వంటింటి ధర మీద ఉన్న భయం, మెట్ట రైతు మీద లేకపోవడమే అడ్డు వచ్చింది.

కేంద్రం ఏమీ చేయలేదని అనను. 2021 ఆగస్టులో రూ.11,040 కోట్లతో ఆయిల్‌పామ్ జాతీయ మిషన్ ప్రకటించింది. హెక్టారుకు మొక్కల సాయాన్ని రూ.12 వేల నుంచి రూ.29 వేలకు పెంచింది. ధర పడిపోతే తేడా చెల్లిస్తామని తొలిసారి రాతపూర్వకంగా ఒప్పుకొంది. అప్పటికి 3.7 లక్షల హెక్టార్లున్న విస్తీర్ణం 6 లక్షల హెక్టార్లు దాటింది. ఇది నిజమైన పురోగతి. అయినా 2025-26 నాటికి 11.2 లక్షల టన్నుల ముడి పామాయిల్ లక్ష్యం పెట్టుకుంటే, 2024-25లో దేశం తీసింది 3.8 లక్షల టన్నులే. కొత్త తోటలు కాపుకొచ్చాక ఈ అంకె పెరుగుతుంది. అయితే అప్పటిదాకా రైతు తోటను ఉంచుకుంటేనే. గెల ధర చతికిలపడిన ప్రతిసారీ చెట్లను పొక్లెయిన్‌తో పెకలించిన దృశ్యాలు ఏలూరు జిల్లా చూసింది. సాయం ఇచ్చి నాటించిన మొక్కను సుంకం తగ్గించి పెరికించడం ప్రజాధనాన్ని రెండుసార్లు వృథా చేయడమే.

ఇక్కడే పరిశ్రమ వాదనను కూడా నిష్పాక్షికంగా చూడాలి. 2025 మేలో ముడి నూనెపై సుంకం తగ్గించినప్పుడు శుద్ధి చేసిన నూనెపై 35.75 శాతాన్ని కదపలేదు. దాంతో రెండింటి మధ్య తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. శుద్ధి చేసిన పామోలిన్ దిగుమతి తగ్గి, కాకినాడ, కృష్ణపట్నం తీరాల్లోని రిఫైనరీలకు పని దొరికింది. మంచిదే. ఆ ఉద్యోగాలు మనవే. కానీ రిఫైనరీలో చేరే అదనపు విలువ తక్కువ. డాలర్లలో అధిక భాగం ముడి నూనె కొన్నచోటే పోతాయి. వాణిజ్య లోటు నిజంగా తగ్గాలంటే ఓడ దిగిన నూనెను వడకట్టే ఫ్యాక్టరీతో పాటు గెలను పిండే ఫ్యాక్టరీ కూడా బతకాలి. ముడి, శుద్ధి నూనెల మధ్య తేడాను అలాగే ఉంచుతూ రెండు సుంకాలనూ కలిపి పెంచితే రిఫైనరీ నష్టపోదు, రైతూ మిగులుతాడు. ఆ దారి తెలియక ఎంచుకోలేదని అనుకోలేం. సుంకం పెంచిన వెంటనే నేపాల్ నుంచి సుంకం లేని శుద్ధి నూనె వెల్లువెత్తిన సంగతి కూడా మరవరాదు. నూనెగింజలు పండించి ఎగుమతి చేసే దేశం కాదది. ఎక్కడిదో ముడి నూనె అక్కడ శుద్ధయి, దక్షిణాసియా ఒప్పందం చాటున మన మార్కెట్‌లోకి వచ్చింది. గోడ కట్టి పక్క తలుపు తీసి ఉంచితే ప్రయోజనం ఏముంటుంది?

సుంకం ఢిల్లీ చేతిలో ఉంటే, రైతుకు దక్కాల్సిన మరో ముఖ్యమైన లెక్క అమరావతి చేతిలో ఉంది. టన్ను గెలల నుంచి ఎన్ని కిలోల నూనె వచ్చిందో చెప్పే శాతాన్నే అంతా ఓఈఆర్ అంటారు. ధర దాని మీదే కడతారు. ఏళ్ల తరబడి తెలంగాణ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు చూపిన ఓఈఆర్ కన్నా మన ఫ్యాక్టరీలు చూపింది తక్కువ. అశ్వారావుపేటకూ జంగారెడ్డిగూడేనికీ మధ్య ఉన్నది రాష్ట్ర సరిహద్దే. నేల అదే, మొక్క అదే, వాన అదే. టన్ను నూనె లక్ష రూపాయలుంటే ఓఈఆర్‌లో ఒక్క శాతం తేడా అంటే టన్ను గెలకు పది కిలోల నూనె, అంటే వెయ్యి రూపాయల సరుకు. ఎకరాకు ఎనిమిది టన్నులు తీసే రైతుకు ఏడాదికి ఎనిమిది వేల రూపాయల నూనె లెక్కలోకి రాకుండా పోయినట్టు. రైతులు ఆందోళన చేశాక 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆ తేడా సొమ్ము తానే చెల్లించాల్సి వచ్చింది. తేడా ఎక్కడ వస్తోందన్నది మాత్రం ఆ చెల్లింపుతో తేలలేదు.

1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయించారు. ఆ ప్రాంతం రైతు ఆ ఫ్యాక్టరీకే గెల తోలాలి. కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లకు ముడిసరుకు భరోసా కావాలి కాబట్టి ఆనాడు ఆ నిబంధన సబబే. వేరేచోటికి వెళ్లే హక్కు లేని రైతుకు, వెళ్లినచోట న్యాయం జరిగిందని తెలుసుకునే హక్కైనా ఉండాలి కదా! ప్రతి ఫ్యాక్టరీ ఓఈఆర్‌ను ఉద్యాన విశ్వవిద్యాలయం లేదా పెదవేగి సంస్థ నిపుణులు స్వయంగా పరీక్షించి, నెలనెలా కాటా దగ్గర బోర్డు మీద రాయాలి. తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇది వాళ్లకు పెద్ద పనేం కాదు. పెదవేగి ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీని ఆధునికీకరించి కొలమానంగా నిలిపితే ప్రైవేటు ఫ్యాక్టరీలు దానితో పోటీ పడక తప్పదు.

మరో లోపం విత్తనంలోనే ఉంది. దిగుమతి తగ్గించడానికి వేస్తున్న ఈ తోటలకు మొలకెత్తించిన విత్తనాలను పెద్దమొత్తంలో కోస్టారికా, మలేసియా, థాయిలాండ్ వంటి దేశాల నుంచే తెప్పించుకుంటున్నాం. డ్యూరా, పిసిఫెరా రకాలను కలిపి టెనెరా సంకరాలు తీయడం పెదవేగి శాస్త్రవేత్తలకు చేతనైన విద్యే. వాళ్ల విత్తన తోటలను పదింతలు పెంచడానికి కావలసింది భూమి, నిధులు, ఓ పదేళ్ల ఓపిక. అలాగే ఎత్తు పెరిగిన తోటలో గెల దించే కూలీ దొరకడం కష్టమైపోయింది. తేలికైన గడ, యంత్రపు కత్తి తయారుచేసే పనిని తాడేపల్లిగూడెం నిట్‌కు అప్పగించి, వాటిని స్థానిక వర్క్‌షాపుల్లోనే చేయించవచ్చు. దేశీయ తయారీ అంటే ఎప్పుడూ వేల కోట్ల పెట్టుబడే కానక్కర్లేదు.

ఆ మాటకొస్తే ఈ ప్రాంతం ఎవరూ చెప్పకుండానే అల్లుకున్న ఒక పారిశ్రామిక గొలుసు ఉంది. డెల్టా ధాన్యం తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మిల్లులకు చేరుతుంది. బియ్యం మర పట్టగా వచ్చిన తవుడు నూనె మిల్లుకు వెళుతుంది. తవుడూ గెల లాంటిదే, మర దిగాక ఆలస్యమయ్యేకొద్దీ అందులో నూనె చెడుతుంది. అందుకే మిల్లులు దగ్గర దగ్గరగా పుట్టాయి. నూనె తీసిన తవుడు, అదే డీఓబీ, లారీల్లో కైకలూరు, ఆకివీడు, కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువులకు వెళుతుంది. అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో దాన్ని నింపి, చెరువులో పాతిన వెదుళ్లకు వేలాడదీస్తారు. కట్ల, రోహు చేపలు ఆ చిల్లుల దగ్గర మూగి తింటాయి. ఆ చేప ఐసు పెట్టెల్లో బెంగాల్, అస్సాం చేరుతుంది. ఒక్క డాలరు ఖర్చు లేకుండా నూనె, మేత, చేప, ఐసు, రవాణా ఇన్ని వ్యాపారాలు నడుస్తున్నాయి. తవుడు నూనెకు ధర లేకపోతే తవుడు కొనేవాడుండడు. అప్పుడు మిల్లరు ధాన్యం ధర తగ్గిస్తాడు. చౌక పామోలిన్ దెబ్బ మెట్ట తోటతో ఆగకుండా పల్లపు వరి చేనుదాకా, చేపల చెరువుదాకా తగులుతుంది. సుంకం దస్త్రం మీద సంతకం చేసేవాళ్లు ఈ గొలుసు మొత్తాన్ని చూడాలి.

ఇందులో ఒక హద్దు మాత్రం చెప్పి తీరాలి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అభయారణ్యం హద్దయిన ఐదో కాంటూరు లోపల కట్టిన చెరువు గట్లను 2006లో పేల్చి తొలగించారు. ఎగుమతుల పేరుతోనో, ఉత్పత్తి పేరుతోనో ఆ గట్లు మళ్లీ లేవకూడదు. తమ్మిలేరు, బుడమేరు వరదను పట్టి నిలిపే సరస్సు పోతే మునిగేది ఇక్కడి ఊళ్లే. ఏ వాణిజ్య లెక్కా ఆ నష్టాన్ని పూడ్చదు.

రొయ్య కథ మనకు మరో పాఠం చెప్పింది. 2024-25లో దేశం సముద్ర ఉత్పత్తుల ఎగుమతితో రూ.62,408 కోట్లు సంపాదించింది. అందులో మూడో వంతు ఆంధ్రప్రదేశ్ వాటా. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం వేయగానే భీమవరం నుంచి కైకలూరు దాకా చెరువు గట్టు ధర పడిపోయింది. ఒక్క దేశానికే అమ్మడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. వంటనూనెను రెండు మూడు దేశాల దగ్గరే కొనడం కూడా అంతే ప్రమాదం. ఎగుమతి రొయ్యకు తల్లి రొయ్యలను అమెరికా హేచరీల నుంచి కొంటున్నాం. లోటు తగ్గించే ఆలోచన అక్కడా మొదలుకావాలి.

ఆయిల్‌పామ్ తోటలో నీడన పెంచే కోకోది ఇంకా తాజా గాయం. 2024లో ప్రపంచ కొరతతో కిలో గింజల ధర వెయ్యి రూపాయల దాకా ఎగసింది. 2025లో సగానికి పడిపోయి, కొనేవాళ్లు మొహం చాటేశారు. రైతులు రోడ్డెక్కాక ప్రభుత్వం కిలోకు రూ.50 చేర్చి రూ.500 వచ్చేలా చూసింది. చాక్లెట్ పరిశ్రమకు కావలసిన కోకోలో ఎక్కువ భాగం దిగుమతే. అలాంటి పంట పండించిన రైతు కొనుగోలుదారు కోసం ధర్నా చేయాల్సి రావడం విధాన వైఫల్యం కాక మరేమిటి?

నీటి సంగతి దాటవేయలేం. వేసవిలో ఒక్కో ఆయిల్‌పామ్ చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్ల దాకా కావాలి. వరితో పోలిస్తే తక్కువే అయినా మెట్టలో ఆ నీరంతా బోర్లదే. చింతలపూడి ఎత్తిపోతల పథకం పూర్తికాకుండా, డ్రిప్ సాయం సకాలంలో అందకుండా విస్తీర్ణం పెంచుకుంటూ పోతే భూగర్భం ఖాళీ అవుతుంది. కొత్త తోటకు అనుమతి ఇచ్చేముందు ఆ గ్రామంలో నీటి మట్టం చూడటాన్ని నిబంధన చేయాలి.

సుంకం పెంచితే పేదల వంటింటి మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనది. మనిషికి ఏడాదికి 20 కిలోల నూనె అనుకుని, కిలోకు పది రూపాయలు పెరిగినా నలుగురున్న ఇంటికి ఏడాదికి రూ.800 భారం. కూలి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. దానికి మందు సుంకం రాబడిలోనే ఉంది. ఏటా 80 లక్షల టన్నుల పామాయిల్, టన్ను లక్ష రూపాయల లెక్కన, ప్రతి పది శాతం సుంకానికీ సుమారు రూ.8 వేల కోట్లు వస్తాయి. జాతీయ మిషన్ మొత్తానికి కేటాయించింది రూ.11,040 కోట్లేనని గుర్తుంచుకోవాలి. ఆ రాబడిలో సగం రేషన్ కార్డుదార్లకు చౌక నూనెగా ఇవ్వొచ్చు. 2013లో అమ్మహస్తం పథకం రేషన్ సరుకుల్లో పామోలిన్ ఇచ్చిన అనుభవం మనకుంది. మిగతా సగాన్ని ధరల నిధిగా పెట్టి, గెల ధర పడినప్పుడు రైతు ఖాతాలో వేయొచ్చు. 2025 ఫిబ్రవరిలో నూనె వాడకం పది శాతం తగ్గించమని ప్రధాని పిలుపునిచ్చారు. ఆరోగ్యానికీ ఖజానాకూ మేలు చేసే మాటే. రైతు వైపు నుంచి కూడా అలాంటి స్పష్టమైన మాట ఒకటి రావాలి.

ఆ మాట ఇలా ఉండాలి: ప్రపంచ ధర తగ్గితే సుంకం దానంతట అదే పెరుగుతుంది, ధర పెరిగితే దానంతట అదే తగ్గుతుంది; ఈ సూత్రం కనీసం పదేళ్లు మారదు. అప్పుడు రాత్రికి రాత్రి నోటిఫికేషన్లు ఉండవు. రైతుకు ఏ ధర వస్తుందో, ఫ్యాక్టరీకి ఎంత మిగులుతుందో, వినియోగదారు ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది. ఏలూరు, నరసాపురం లోక్‌సభ సభ్యులు పార్టీలతో పని లేకుండా ఈ డిమాండును వచ్చే బడ్జెట్‌లోపు ఆర్థిక మంత్రి ముందు పెట్టాలి. ఓఈఆర్ బోర్డుల కోసం ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. రాష్ట్ర ఉద్యాన శాఖ ఒక్క ఉత్తర్వుతో ఈ సీజన్‌లోనే పెట్టించవచ్చు. ముందు ఆ పని చేయాలి.